నాటినవాళ్ళ వైపు

తెల్లారుతూనే మరిడమ్మ చేసే మొదటి పని వాకిట్లో కళ్ళాపి చల్లడం, రెండోది దొడ్డిలో మొక్కలకి నీళ్ళు పొయ్యడం. రాజోలు దాటేక కాలవ గట్టు రోడ్డు వారనే ఉండేది ఆ ఇల్లు. రెండు గదుల పెంకుటిల్లు, పక్కన నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత దొడ్డి, చుట్టూ కొబ్బరాకుల దడి. దడి అవతల రోడ్డు, రోడ్డు అవతల కాలవ. ఆ కాస్త చోటులోనే ఓ బచ్చలిపాదు, నాలుగు వంగమొక్కలు, ఒక వరస బెండ. బిందె చంకన పెట్టుకుని ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూంటే మొక్కలన్నీ ఆవిడతో పాటే తిరుగుతూ వచ్చేవి.

ఆ దొడ్డి మట్టి అలాంటిది. అందులో ఎవరు నాటిన మొక్క వాళ్ళవైపే వాలేది. కొన్ని నూతుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొన్నిట్లో తియ్యగా ఉంటాయి, ఇదీ అంతే అనుకునేవారు చుట్టుపక్కలవాళ్ళు. మరిడమ్మ మొగుడు బతికున్న రోజుల్లో ఆయన వేసిన మునగచెట్టు సాయంత్రమయ్యేసరికి కల్లుపాక వైపు వంగితే, ఆవిడ అన్నం మీద మూత పెట్టేసి తను తినేసి పడుకునేది. ఆయన పోయేక ఆ చెట్టు శ్మశానం వైపు వాలి, మరుసటేడు గాలివానకి అటే పడిపోయింది.

డెబ్బై ఆరు వేసవిలో ఆవిడ కొడుకు కనకరాజు పెళ్ళి చేసుకుని నూకరత్నాన్ని తీసుకొచ్చేడు. అమ్మా నాన్నా లేని పిల్ల. పెంచిన మేనత్త కూడా ఆ పెళ్ళయిన నెల్లాళ్ళకే పోయింది. వచ్చిన వారానికే రత్నం దొడ్లో నిలబడి అడిగింది.

"అత్తా, ఓ చాప పరిచినంత చోటివ్వవా, పూలమొక్కలు వేసుకుంటాను."

"పూలు వండుకు తింటామా?" అంది మరిడమ్మ.

"తినంగానీ పెట్టుకుంటాం కదా."

"నేను పెట్టుకుని పన్నెండేళ్ళయింది" అని బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వద్దని అనలేదు కదా అనుకుంది రత్నం. అంట్లు తోమిన నీళ్ళు పోయి నిలిచే మూల ఒకటి ఉంది, అక్కడ ఏదీ మొలిచేది కాదు. పగటిపూట కొబ్బరిపీచు తియ్యడానికి కూలికెళ్ళి వచ్చి, పొద్దు గూకేలోపు ఆ మూలని తవ్వేది. పెంకులూ, గాజుముక్కలూ, ఎప్పటిదో చెప్పు అట్టా ఏరి పారేసింది. ఆ వేసవి కాలవ కట్టేస్తే అడుగున తేలిన ఒండ్రు గంపలతో మోసుకొచ్చి పోసింది. పీచు దగ్గర ఊరికే పోయే కొబ్బరిపొట్టు తెచ్చి కలిపింది. నాలుగిళ్ళ అవతల ఉండే మేస్టారి భార్య సత్యనారాయణమ్మగారు పుట్టింటికి కడియం వైపు వెళ్ళినప్పుడల్లా తడిగుడ్డలో చుట్టి చామంతి పిలకలూ, మల్లె అంటుమొక్కా తెచ్చిచ్చేది. కనకాంబరం విత్తనాలు, డిసెంబరం కొమ్మలు వీధిలోనే దొరికేయి.

ముందు కనకాంబరాలు పూసేయి, తర్వాత డిసెంబరాలు. ఆ రెండో ఏడు సంక్రాంతి నెలలో చామంతులు విరగబూసి దడి పైకి తలలెత్తేయి. వీధిలో ఆడవాళ్ళు సాయంత్రాలు వచ్చి, "ఓ నాలుగు కోసుకోమంటావా రత్నం" అనడం మొదలెట్టేరు. రత్నం ఎవరికీ లేదనేది కాదు. ఆ మాటలూ నవ్వులూ మరిడమ్మకి గిట్టేవి కావు. చూస్తూండగానే బెండ వరస పోయి బంతి వరస వచ్చింది. వంగమొక్కలు రెండయ్యేయి. ఇంట్లో కూర తగ్గుతోందని ఆవిడ సణిగేది గాని, బచ్చలిపాదు వైపు మాత్రం కోడలు ఎప్పుడూ రాలేదన్న సంగతి గమనించకపోలేదు.

కనకరాజు ఆ మొక్కలకి ఒక్క చెంబు నీళ్ళు పోసి ఎరగడు. డెబ్బై ఎనిమిదిలో మస్కట్ వీసా వచ్చింది. వెళ్ళేముందు రత్నం అతని వెంటపడింది.

"ఒక్క మందారం కొమ్మ నాటి వెళ్ళు. ఇంకేం అడగను."

"ఎందుకే?"

"ఎటున్నావో తెలుస్తుంది."

నవ్వి, చెప్పులు విప్పకుండానే కొమ్మ గుచ్చి, కాలితో మట్టి అదిమి వెళ్ళేడు. అది బతికింది. అతను పడమటనున్న చించినాడ రేవు దాటిన దగ్గర్నుంచీ పడమరకి వాలి పెరిగింది. రత్నం పొద్దున్నే కూలికెళ్ళే ముందు దాని దగ్గరే నిలబడి తల దువ్వుకునేది. మొదట్లో నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత రాలేదు. మందారం మాత్రం పడమరకే ఉండడంతో రత్నం బెంగ పెట్టుకోలేదు.

ఆ మరుసటేడు ఆషాఢంలో ఒకనాడు మరిడమ్మ నీళ్ళు పొయ్యడానికి దొడ్లోకొచ్చి, బిందె దించకుండా అలాగే నిలబడిపోయింది. మందారం తూర్పుకి తిరిగి ఉంది. అంత ఎత్తు మొక్క, మొదలు మెలి తిప్పుకుని మరీ తిరిగింది. తూర్పున అమలాపురం ఉంది, ముమ్మిడివరం ఉంది, కాట్రేనికోన ఉంది, ఆ తర్వాత సముద్రమే. మస్కట్ లేదు.

లోపల రత్నం ఇంకా చాప చుడుతోంది. మరిడమ్మ ఏమీ ఆలోచించలేదు. దడిలోంచి ఒక గుంజ పీకి పడమటి పక్క పాతింది, పీచుతాడు తెచ్చి మందారాన్ని లాగి కట్టేసింది. రత్నం బయటికి వచ్చేసరికి తాడు ముడి వేస్తోంది.

"ఏమైంది అత్తా?"

"గాలికి పడిపోయేలా ఉంటేనూ."

సాయంత్రం సత్యనారాయణమ్మగారు పూలకి వచ్చి, తాడునీ, ఆ తాడుని గుంజుకుంటూ తూర్పుకి చాచిన చిగుళ్ళనీ కాసేపు చూసింది.

"మందారానికి కర్ర కట్టేవా మరిడమ్మా?"

"ఆయ్. గాలండి."

"అవును, గాలి ఎక్కువగానే ఉంది" అందావిడ. ఆ రోజు కొబ్బరాకు కూడా కదల్లేదు. ఆ తర్వాత వీధిలో ప్రతివాళ్ళూ ఆ తాడుని చూసేరు. ఒక్కరూ రత్నంతో ఏమీ అనలేదు.

రెండేళ్ళు అలా గడిచేయి. తాడు చివికితే మరిడమ్మ కొత్తది కట్టేది. కొడుకు దగ్గర్లోనే ఉన్నాడు, ఇంటికి రావటం లేదు. జబ్బు పడ్డాడా? జైల్లో ఉన్నాడా? ఎనభై ఒకటిలో ఇక పట్టలేక, ఆలమూరులో చెల్లెలికి బాగోలేదని కబురొచ్చిందని అబద్ధం ఆడి బయల్దేరింది. మందారం మొదలు దగ్గర వచ్చిన పిలకనొకదాన్ని, ఆ మట్టితో సహా తవ్వి, డాల్డా డబ్బాలో పెట్టి సంచిలో దాచుకుంది.

అమలాపురం బస్టాండులో దిగి డబ్బా పైకి తీసింది. ఎటెక్కాలో తెలియక బస్సుల మధ్య తిరుగుతూంటే ఒక కండక్టరు పిలిచేడు.

"ఎక్కడికండీ?"

ఆవిడ డబ్బా చూపించింది. అతను పిలక వాలిన వైపు తల తిప్పి చూసి, "కాట్రేనికోన బస్సెక్కండి, అటే చూపిస్తోంది" అన్నాడు. బస్సులో కిటికీ పక్కనున్నాయన లేచి ఆవిడకి చోటిచ్చేడు. మలుపు వచ్చినప్పుడల్లా పిలక తిరిగేది. "ఇంకా ముందుకేనమ్మా" అనేవాడాయన.

బస్సు దిగేక ఇసక దారిలో చాలాసేపు నడిచింది. చేపలు ఎండబెట్టే చోట, వరసగా ఉన్న పాకల్లో చివరిదాని ముందు కనకరాజు కనపడ్డాడు. మొక్కల మొదళ్ళలో గొప్పు తవ్వుతున్నాడు. పాక ముందు చిన్న మడి, అందులో రెండు వరసల బంతి, ఓ వరస చామంతి. తడి ఇంకా ఆరలేదు. నీళ్ళు పోసింది అతనే, చెంబు పక్కనే ఉంది. మరిడమ్మ చూపు ముందు కొడుకు మొహం మీద కాదు, ఆ చెంబు మీద పడింది.

"ఎవరు చెప్పేరు?" అన్నాడతను లేచి నిలబడి.

ఆవిడ డబ్బా కింద పెట్టింది. పిలక అతని కాలికి ఆనుకుంది.

"మస్కట్లో ఎనిమిది నెలలేనమ్మా ఉన్నది. కంపెనీ మూసేసి పంపేసేరు. ఏం మొహం పెట్టుకుని రాను? ఊరంతా సాగనంపింది నన్ను. ఇక్కడైతే నేనెవరో ఎవరికీ తెలీదు."

"పెళ్ళాం ఒకత్తి ఉందని నీకు తెలీదా?"

లోపల్నుంచి ఒకమ్మాయి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి, ఎవరో అర్థమై, గబగబా చాప తెచ్చి పరిచింది. సుబ్బమ్మ అని పేరు చెప్పింది. పిల్లాడికి ఏడాది నిండుతోంది. కనకరాజు ముక్కే.

మరిడమ్మ తిట్టాలనే వచ్చింది. తిట్టింది కూడా. కాని పిల్లాడు పాక్కుంటూ వచ్చి ఆవిడ వేలు పట్టుకున్నాడు. అయిదేళ్ళుగా ఇంట్లో ఉయ్యాల కట్టే రోజు కోసం చూసి చూసి, రత్నం మీద లోలోపల విసుక్కుంటున్న మనిషి. ఒడిలోకి తీసుకుంది. సుబ్బమ్మ పెట్టిన అన్నం తింది. ఆ రోజుకి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బస్సు దాకా సాగనంపుతూ కనకరాజు, "రత్నానికి మస్కట్లోనే ఉన్నానని చెప్పమ్మా. ఇంకొక్క ఏడాది. ఈలోపు ఏదో ఒకటి చేస్తాను" అన్నాడు.

"అలాగే" అందావిడ.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రత్నం ఆ రోజు కూలికి వెళ్ళలేదు. దొడ్లో, ఎప్పుడూ రాని బచ్చలిపాదు దగ్గర కూర్చుని ఉంది.

"పిన్నికి నెమ్మదించిందా అత్తా?"

"ఆఁ, లేచి తిరుగుతోందే."

"ఆలమూరు మనకి ఉత్తరానే కదూ?"

మరిడమ్మ తన బచ్చలిపాదు వైపు చూసింది. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఒక్క పూట కూడా ఆ ఇల్లు విడిచి ఉండలేదు. ఆవిడ మొక్కలు ఎప్పుడూ వంటింటి వైపో, నుయ్యి వైపో తిరిగి ఉండేవి. ఇతరుల మొక్కలు చూసుకోవడమే గాని, తన మొక్కలు కూడా తనని చూపిస్తాయన్న ఊహే ఆవిడకి తట్టలేదు.

"నిన్న పొద్దున్నించీ నీ పాదూ, నీ వంగమొక్కలూ తూర్పుకే ఉన్నాయి" అంది రత్నం. గొంతు పెంచలేదు. "మందారం తాడుని గుంజేది కూడా అటే."

"రత్నం..."

"తాడు చూసిన రోజే అనుమానపడాల్సింది. కట్టింది నువ్వు కదా అని ఊరుకున్నాను."

లేచి వెళ్ళి ముడి విప్పింది. రెండేళ్ళు కట్టుబడి ఉన్న మొక్క ఒక్కసారిగా తూర్పుకి తిరిగి దడికి కొట్టుకుంది. నాలుగు పూలు రాలేయి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూసేరు, ఆగకుండా వెళ్ళిపోయేరు.

రత్నం అడిగినవి రెండే. "ఎవరైనా ఆడమనిషి ఉందా?" అంది. ఉందంది మరిడమ్మ. "పిల్లలా?" అంది. ఒక పిల్లాడంది. "ఎత్తుకున్నావా?" అనలేదు, కాని అత్తగారి చీర భుజం మీద ఆరిన పాల మరకని చాలాసేపు చూసింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇద్దరూ ఒకే కుండలో అన్నం తిన్నారు. రత్నం ఎప్పట్లాగే కూలికెళ్ళేది, వచ్చి పూలమొక్కలకి గొప్పు తవ్వేది, మల్లెకి ఆకు దూసేది. కువైట్‌లో ఇంటిపనికి ఆడవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి సత్యనారాయణమ్మగారి చేత కాయితాలు నింపించుకుంది. బయల్దేరే రోజున కూడా అన్ని మొక్కలకీ నీళ్ళు పోసి, కాళ్ళు కడుక్కుని, ట్రంకుపెట్టె పట్టుకుంది.

"వీటినేం చెయ్యమంటావే?" అంది మరిడమ్మ, పూలమొక్కలు చూపిస్తూ. అసలు అడగాల్సింది అది కాదు. నోటికి వచ్చింది అదే.

"నీ దొడ్డి అత్తా. నీ ఇష్టం."

పడమటి వైపు బస్సొచ్చింది. ఎక్కింది. మల్లె, కనకాంబరం, డిసెంబరం, చామంతి, అన్నీ ఒక్కొక్కటే ఆ బస్సు వెళ్ళిన వైపు వాలేయి.

మరిడమ్మ వాటికి నీళ్ళు పొయ్యడం మొదలెట్టింది. బెండ మళ్ళీ వేసుకోవచ్చు, ఎవరూ అడ్డులేరు. వెయ్యలేదు. వీధిలో ఆడవాళ్ళు పూలకి రావడం మానేసేరు. చామంతులూ బంతులూ వాటంతటవే పోయేయి. మిగిలినవి పూసి, చెట్టునే ఎండి రాలేవి. రోజూ ఆవిడ వాటిని చూసి, "ఉంది" అనుకుని లోపలికి వచ్చేది.

దాచాల్సిందేమీ లేకపోవడంతో మరుసటేడే కనకరాజు సుబ్బమ్మనీ పిల్లాణ్ణీ తీసుకుని ఇంటికి వచ్చేసేడు. మందారం ఇప్పుడు అతను దొడ్లో తిరిగితే అటూ ఇటూ తిరిగేది. ఎండు చేపలు తెచ్చి రాజోలు సంతలో అమ్మడం పెట్టుకున్నారు. కోరుకున్న కొడుకూ, మనవడూ ఇంట్లోనే ఉన్నారు. సుబ్బమ్మ చెడ్డది కాదు, అన్నం వేళకి పెట్టేది. అయినా మరిడమ్మకి ఆ ఇంట్లో మాట్లాడేందుకు ఏమీ ఉండేది కాదు.

కనకరాజు కూడా పొద్దున్నే రత్నం మొక్కల వైపు ఒకసారి చూసేవాడు. పళ్ళు తోముకుంటూ, "ఇంకా అక్కడే ఉంది" అనేవాడు. ఎందుకు చూస్తాడో ఆవిడకి మొదట అర్థం కాలేదు. ఒకరోజు అతనే చెప్పేడు.

"కువైట్ వెళ్ళినవాళ్ళు ఉత్తచేతుల్తో రారమ్మా. వచ్చేక నా పెళ్ళాం నా ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? తాళి కట్టింది నేను."

"దాన్నొదిలేసి నువ్వే పోయేవు కదరా."

"పోతే? విడాకులేం ఇవ్వలేదుగా. ఎక్కడ దిగినా ఈ మొక్కలే చెబుతాయి. జుట్టు పట్టుకుని తెస్తాను."

పక్కన చేపలు ఏరుతున్న సుబ్బమ్మ తల ఎత్తలేదు.

ఎనభై అయిదు మాఘమాసంలో ఒక ఆదివారం. కనకరాజూ సుబ్బమ్మా పిల్లాడితో సహా సంతకి వెళ్ళేరు. మరిడమ్మ దొడ్లో నీళ్ళు పోస్తోంది. కువైట్ పడమరే, బొంబాయి పడమరే, పాలకొల్లూ, చించినాడ రేవూ పడమరే. అందుకని ఆ పూలమొక్కలు మూడేళ్ళుగా ఎలా ఉన్నాయో ఆ పొద్దున కూడా అలాగే ఉన్నాయి. రేవు వైపు నుంచి బస్సు వస్తున్న చప్పుడైంది. మొక్కలు కదిలేయి.

మొదట మల్లె, తర్వాత మిగిలినవన్నీ నెమ్మదిగా రోడ్డు వైపు తిరుగుతున్నాయి. బస్సు సరిగ్గా ఇంటి ముందుకొచ్చి ఆగింది. మొక్కలన్నీ దడికి ఆనుకుని, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాయి. దడి సందుల్లోంచి ఆవిడకి చక్రాలూ, మెట్టూ కనపడుతున్నాయి. మెట్టు మీద ఒక కాలు పడింది. అరటిపళ్ళ గంపతో ఒక ముసలావిడ దిగింది. ఇంకెవరూ దిగలేదు.

పిలవాలనుకుంది. దడి దాటి రోడ్డు మీదకి పరిగెత్తాలనుకుంది. పిలిచి ఏం చెప్పాలి? కండక్టరు విజిలేసేడు. బస్సు కదిలింది, మొక్కలు కూడా కదిలేయి. ఆగకుండా, తొందర పడకుండా, మల్లె, కనకాంబరం, డిసెంబరం, అన్నీ కలిసి తూర్పుకి తిరిగిపోయేయి. చప్పుడు వినపడనంత దూరం పోయేక కూడా అలాగే వాలి ఉన్నాయి.

రత్నం ఎప్పటికైనా ఇక్కడ దిగుతుందేమోనని ఇన్నేళ్ళూ నీళ్ళు పోసిన సంగతి మరిడమ్మకే ఇప్పుడు తెలిసింది. అప్పుడు సంత గుర్తొచ్చింది. మధ్యాహ్నానికి వాడు వస్తాడు. వస్తూనే ఇటు చూస్తాడు.

గునపం తెచ్చింది. కనకాంబరాలు చేత్తోనే వచ్చేయి. డిసెంబరాలకి రెండు పోట్లు పట్టేయి. మల్లె మాత్రం తొమ్మిదేళ్ళది, వేళ్ళు రోడ్డు దాకా పాకినట్టున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, అరవై ఏళ్ళు దాటిన ఒంట్లో ఉన్నదంతా పెట్టి తవ్వింది. అరచేతులు చీరుకుపోయేయి. ప్రతి మొక్కా ఊడొచ్చేదాకా తూర్పుకే చూసింది. మట్టి వదిలేక అన్నీ మామూలు మొక్కలే, ఎటు వేస్తే అటు పడేయి. చేటల్లో ఎత్తి, రోడ్డు దాటి, కాలవలో వేసేసింది. నీళ్ళు వాటిని తీసుకుపోయేయి. తిరిగొచ్చి గుంటలు పూడ్చింది.

కనకరాజు వచ్చి, ఖాళీ మడిని చూసి, గుమ్మంలోనే ఆగిపోయేడు.

"ఏంటమ్మా ఇది? ఎందుకు పీకేసేవ్?"

"బెండ వేద్దామని."

"ఎటున్నాయి పీకేటప్పుడు?"

"ఎటుంటాయిరా" అందావిడ, చేతులు కొంగులో దాచుకుంటూ. "పడమరకే."

అతను నమ్మేడు. ఆ ఏడాదంతా, పై ఏడు కూడా, సంతలేని రోజుల్లో చించినాడ రేవుకి వెళ్ళి పంటు పడవ మీంచి దిగేవాళ్ళని చూస్తూ కూర్చునేవాడు. రత్నం అటు ఎప్పుడూ దిగలేదు. తూర్పున ఏ ఊళ్ళో ఉందో, ఒంటరిగా ఉందో తోడుతో ఉందో, అసలు ఉందో లేదో, మరిడమ్మకి కూడా తెలిసే దారి లేకుండా పోయింది.